చలి రాత్రుల్లో హీట్ పంప్‌ని నమ్మండి, ఆక్స్ హీట్‌ మీద ఓ కన్నేసి ఉంచండి

నార్త్ కరోలినాకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు జనవరి కరెంటు బిల్లు చూడగానే అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "మా హీట్ పంప్ పాడైనట్టుంది, మంచి మెకానిక్ ఎవరైనా తెలుసా?" న్యూజెర్సీ నుంచో చికాగో నుంచో కేరీ, అపెక్స్, మోరిస్‌విల్ వైపు వచ్చినవాళ్ళయితే ఇంకా కంగారు పడతారు, ఎందుకంటే అక్కడ గ్యాస్ ఫర్నేస్‌కి (గ్యాస్ మండించి ఇంటిని వేడిచేసేది) అలవాటు పడి ఉంటారు, చలికాలంలో కరెంటు బిల్లు పెరగడమన్నది వాళ్ళకి కొత్త. చాలాసార్లు పంప్ బాగానే ఉంటుంది. బిల్లు పెంచేది దాని వెనకాల ఉన్న బ్యాకప్ హీటింగ్. ఆ బ్యాకప్ నిజంగా కావలసిన గంటలు ఏడాదికి కొన్నే, మిగతా గంటల్లో దాన్ని పిలిచేది ఇంటి టెంపరేచర్ పెట్టుకునే థర్మోస్టాట్ సెట్టింగులు, మనం దాన్ని ఊరికే పైకీ కిందకీ తిప్పడం. వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి చలికాలం ఈ చర్చ వస్తుంది, సగం సలహాలు గ్యాస్ ఫర్నేస్‌కి పనికొచ్చేవే ఇస్తారు. అందుకే తీరిగ్గా ఒకసారి రాసేస్తున్నాను.

ముందు యంత్రం గురించి. హైదరాబాద్‌లో ఎండాకాలం ఏసీ నడుస్తుంటే దాని బయటి యూనిట్ పక్కన నిలబడండి, మొహానికి వేడి గాలి కొడుతుంది. గదిలో ఉన్న వేడిని తోడి బయట పారబోస్తోందన్నమాట. హీట్ పంప్ అదే యంత్రం. లోపల రివర్సింగ్ వాల్వ్ అని ఒకటి ఉంటుంది, అది రిఫ్రిజరెంట్ (వేడిని మోసే ద్రవం, వాయువు) వెళ్ళే దారిని తిప్పేస్తుంది, దాంతో చలికాలంలో బయటి వేడిని తోడి ఇంట్లో పోస్తుంది. బయట 30 డిగ్రీలుంటే (ఇక్కడ అన్నీ ఫారెన్‌హీట్ లెక్కలే, 32 అంటే నీళ్ళు గడ్డకట్టే సున్నా సెల్సియస్) అందులో వేడి ఎక్కడుంది అని అడుగుతారు. ఉంటుంది. మైనస్ 459 దాకా దిగితే తప్ప వేడి పూర్తిగా పోదు. బయటి కాయిల్‌లో తిరిగే రిఫ్రిజరెంట్ ఆ 30 డిగ్రీల గాలికన్నా ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి గాలిలోని వేడి దానిలోకి ఎక్కుతుంది, కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది, ఆ వేడి ఇంట్లోకి వస్తుంది. వేడిని కొత్తగా పుట్టించడం లేదు, ఉన్నచోటు నుంచి మోసుకొస్తోంది, అందుకే ఒక యూనిట్ కరెంటు పెడితే బయట 47 డిగ్రీలున్న రోజున మూడు, మూడున్నర యూనిట్ల వేడి ఇంట్లోకి వస్తుంది. ఈ నిష్పత్తినే సీఓపీ అంటారు. చలి పెరిగేకొద్దీ అది పడిపోతుంది, 17 డిగ్రీల దగ్గర మామూలు మెషీన్లలో రెండు, రెండుంబావు దాకా వస్తుంది. అయినా రెండు అంటే ఒకటికి రెట్టింపే కదా, ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్ళీ అవసరమవుతుంది.

ఇక బ్యాకప్. మా వైపు ఇళ్ళలో గదులకి గాలి పంపే పెట్టె, ఎయిర్ హ్యాండ్లర్ అంటారు, దాని లోపల, బ్లోయర్ ఫ్యాన్ పైన, హీట్ స్ట్రిప్స్ అని కరెంటుతో ఎర్రగా కాలే తీగచుట్టలు ఉంటాయి. బకెట్లో నీళ్ళు కాచుకోవడానికి వాడే హీటర్ రాడ్ ఏ సూత్రంతో పనిచేస్తుందో ఇదీ అంతే, ఒక యూనిట్ కరెంటుకి కచ్చితంగా ఒక యూనిట్ వేడి, అంతకు మించి రాదు. ఇవి 5, 10, 15 కిలోవాట్ల సైజుల్లో వస్తాయి. 10 కిలోవాట్ల స్ట్రిప్ 240 వోల్టుల మీద 42 ఆంపియర్ల దాకా లాగుతుంది, గంటసేపు ఆగకుండా నడిస్తే పది యూనిట్లు అయిపోయాయి. థర్మోస్టాట్ మీద "ఆక్స్ హీట్" అని కనిపించిందంటే ఇవి నడుస్తున్నాయని అర్థం. పంప్ నడుస్తూనే ఉంటుంది, స్ట్రిప్స్ దానికి తోడుగా వస్తాయి.

లెక్క వేస్తే తేడా బాగా తెలుస్తుంది. ఒక ఇల్లు, లోపల 68 డిగ్రీలు, బయట 17 ఉన్న రాత్రి గంటకి 30,000 బీటీయూల (ఇక్కడ వేడిని కొలిచే కొలత) వేడి పోగొట్టుకుంటుందనుకుందాం. అందులో మూడు టన్నుల మామూలు హీట్ పంప్ ఉంది, 47 డిగ్రీల దగ్గర 36,000 బీటీయూలు ఇచ్చేది 17 దగ్గర 22,000 మాత్రమే ఇస్తుంది. మిగతా 8,000 స్ట్రిప్స్ పూరిస్తాయి. పంప్ దాదాపు 2.9 కిలోవాట్లు, స్ట్రిప్స్ సగటున 2.3 కిలోవాట్లు, మొత్తం 5.2. అదే పంప్ ఆపేసి మొత్తం వేడి స్ట్రిప్స్‌తోనే తెచ్చుకుంటే 8.8 కిలోవాట్లు. పది గంటల రాత్రికి యూనిట్ 13 సెంట్ల చొప్పున మొదటిది ఏడు డాలర్లలోపు, రెండోది పదకొండున్నర. ఇది ఏడాదిలో బాగా చలిగా ఉండే రాత్రి లెక్క. బయట 45 డిగ్రీలున్న రాత్రికి చూడండి: అదే ఇంటికి అప్పుడు గంటకి 13,500 బీటీయూలు చాలు, పంప్ ఒక్కటే 1.2 కిలోవాట్లతో తెచ్చేస్తుంది, స్ట్రిప్స్‌తో అయితే నాలుగు కిలోవాట్లు కావాలి. అంటే మూడు రెట్లకి పైన. మా ట్రయాంగిల్ ప్రాంతంలో, అంటే రాలీ, డర్హమ్ చుట్టుపక్కల, చలికాలం రాత్రులు ఎక్కువ భాగం 30ల్లో, 40ల్లో ఉండేవే, 17కి దిగేవి తక్కువ. అందుకే మా ఊళ్ళో బిల్లు మీద అసలు దెబ్బ పడేది భయంకరమైన చలి రాత్రుల్లో కాదు. మామూలు చలి రోజుల్లో స్ట్రిప్స్ అనవసరంగా నడవడం వల్ల.

పంప్ ఇవ్వగల వేడి, ఇల్లు పోగొట్టుకునే వేడి సరిసమానమయ్యే బయటి టెంపరేచర్‌ని బ్యాలెన్స్ పాయింట్ అంటారు. దానికి పైన పంప్ ఒక్కటే సరిపోతుంది, కింద బ్యాకప్ కావాలి. మామూలు మెషీన్, ఓ మోస్తరు ఇన్సులేషన్ ఉన్న ఇల్లు అయితే అది 25 నుంచి 35 మధ్యలో ఎక్కడో ఉంటుంది. మీ ఇంటిది తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. థర్మోస్టాట్‌ని ఒకే నంబర్ మీద వదిలేసి, బయట 40, 35, 30 ఉన్న రాత్రుల్లో పంప్ ఎంతసేపు ఆగుతోందో చూడండి. గంటలో కాసేపు ఆగుతుంటే ఇంకా చేవ మిగిలి ఉన్నట్టు. అసలు ఆగకుండా నడుస్తూ కూడా ఇంటిని పెట్టిన నంబర్ మీదే నిలబెడుతోందంటే మీరు బ్యాలెన్స్ పాయింట్ దగ్గర ఉన్నారు. అది లోపం కాదు. ఈ ముక్క గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "రాత్రంతా ఆగకుండా నడుస్తోంది, కాలిపోతుందేమో" అని టెన్షన్ పడి చాలామంది ఆపేస్తుంటారు. హీట్ పంప్ తక్కువ వేడిని ఎక్కువసేపు ఇవ్వడానికి కట్టిన యంత్రం. చలి రాత్రి ఎడతెగకుండా నడవడమే దాని ఉద్యోగం.

గ్రూపుల్లో వచ్చే సలహాల్లో ఎక్కువ నష్టం చేసేది ఒకటుంది: "రాత్రి పడుకునేటప్పుడు 60కి తగ్గించేయండి, పొద్దున్నే 70కి పెంచండి, బోలెడు ఆదా." గ్యాస్ ఫర్నేస్ ఉన్నవాళ్ళకి ఇది మంచి సలహానే. హీట్ పంప్ ఉన్నవాళ్ళు ఇలా చేస్తే ఏమవుతుందంటే, పొద్దున ఆరింటికి, అంటే బయట రోజులోకెల్లా చల్లగా ఉండే వేళకి, ఇల్లు ఒక్కసారిగా పది డిగ్రీలు ఎక్కాలి. థర్మోస్టాట్ చూస్తుంది, ఉన్నదానికీ కావలసినదానికీ తేడా చాలా ఉంది, పంప్ ఒక్కదానితో గంటలు పడుతుంది, వెంటనే ఆక్స్ పిలుస్తుంది. రాత్రంతా చలికి ఓర్చుకుని ముచ్చటగా దాచుకున్నది పొద్దున్నే గంట, గంటన్నరలో స్ట్రిప్స్ తినేస్తాయి. గోడలు, సోఫాలు, ఫ్లోర్ టైల్స్ అన్నీ చల్లబడి ఉంటాయి, గాలి ఒక్కటి వేడెక్కితే సరిపోదు, అవన్నీ వేడెక్కాలి. నా సలహా: ఒక నంబర్ పెట్టి వదిలేయండి. రాత్రి చల్లగా ఉంటేనే నిద్ర పట్టేవాళ్ళు రెండు డిగ్రీలు తగ్గించుకోండి, అంతకన్నా వద్దు. వారం రోజులు ఊరికి వెళ్తుంటే 58, 60కి తగ్గించడం లాభమే, కానీ తిరిగొచ్చేటప్పుడు ఒక్కసారి పెంచకుండా ఫోన్‌లోంచి ముందు రోజే రెండేసి డిగ్రీలుగా మెల్లగా పెంచుకుంటూ రండి. పైపులు గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి పూర్తిగా మాత్రం ఎప్పుడూ ఆపేయొద్దు.

థర్మోస్టాట్ మీద "ఈఎం హీట్" అని ఇంకో మోడ్ ఉంటుంది. ఎమర్జెన్సీ హీట్. పేరు చూసి, బయట ఎముకలు కొరికే చలి ఉంది కదా, ఇదే ఎమర్జెన్సీ అనుకుని నొక్కేవాళ్ళు ఎందరో. ఆ మోడ్‌లో కంప్రెసర్ పూర్తిగా ఆగిపోతుంది, ఇల్లంతా స్ట్రిప్స్ మీదే నడుస్తుంది. పైన లెక్క చూశారు కదా, 17 డిగ్రీల దగ్గర కూడా పంప్ పెట్టిన కరెంటుకి రెట్టింపు వేడి ఇస్తోంది, దాన్ని ఆపడం వల్ల ఒరిగేదేం లేదు. ఈఎం హీట్ ఎప్పుడంటే: అవుట్‌డోర్ యూనిట్ పాడైనప్పుడు, దాని ఫ్యాన్ తిరగనప్పుడు, యూనిట్ మొత్తం మంచు గడ్డలో కూరుకుపోయి కరగనప్పుడు. మెకానిక్ వచ్చేదాకా ఇంట్లోవాళ్ళు వణక్కుండా ఉండడానికి పెట్టిన ఏర్పాటు అది. పని అయిపోగానే మళ్ళీ మామూలు హీట్‌కి మార్చడం మర్చిపోతే మార్చి దాకా నడుస్తూనే ఉంటుంది.

అమ్మానాన్నలు ఇండియా నుంచి చలికాలంలో వచ్చి ఉంటే వాళ్ళ నుంచి ఒక ఫిర్యాదు తప్పదు. మా అమ్మ గాలి వచ్చే వెంట్ కింద చెయ్యి పెట్టి, "ఏరా, హీటర్ వేశావన్నావు, చల్లగాలే వస్తోందేంటి?" అంది. ఫర్నేస్ నుంచి వచ్చే గాలి 120, 130 డిగ్రీలుంటుంది, చెయ్యి పెడితే చుర్రుమంటుంది. హీట్ పంప్ గాలి 85 నుంచి 100 మధ్య ఉంటుంది, మన ఒళ్ళు 98 దగ్గర ఉంటుంది, పైగా గాలి కదులుతోంది కాబట్టి చేతికి చల్లగానే అనిపిస్తుంది. కానీ గది 70 ఉన్నప్పుడు 90 డిగ్రీల గాలి గదిని వేడెక్కిస్తూనే ఉంటుంది. అమ్మకి వెంట్ సంగతి వదిలేసి గోడ మీది నంబర్ చూడమన్నాను, దానితో పాటు ఆవిడ కూర్చునే కుర్చీ మీద పడుతున్న గాలిని వెంట్ రెక్కలు తిప్పి పక్కకి మళ్ళించాను. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఆ రెండోదే ఎక్కువ ఉపయోగం. వాళ్ళకి చలి నిజంగా ఎక్కువ వేస్తుంది, "అలవాటు చేసుకోండి" అని వదిలేయకూడదు, నంబర్ ఒకటి రెండు డిగ్రీలు పెంచి అక్కడే స్థిరంగా ఉంచితే బిల్లు మరీ అంతగా ఏం పెరగదు.

ఇంకో భయం బయట యూనిట్ మీద పొగ. చలి పొద్దున యూనిట్ ఫ్యాన్ ఆగిపోయి, లోపల్నుంచి బుస్సుమని శబ్దం వచ్చి, పైనుంచి తెల్లగా పొగలా లేస్తుంది. చూసినవాళ్ళు మంట అంటుకుందని పరిగెడతారు. అది డీఫ్రాస్ట్. చలికాలంలో బయటి కాయిల్ గాలికన్నా చల్లగా ఉంటుందని చెప్పాను కదా, గాలిలోని తేమ దాని మీద మంచుపొరలా పేరుకుంటుంది, పొర మందమైతే గాలి ఆడదు. అందుకని మెషీన్ కొన్ని నిమిషాలు మళ్ళీ ఏసీలా తిరగబడి, ఇంట్లోని వేడిని కొంచెం బయటి కాయిల్‌కి పంపి మంచు కరిగిస్తుంది. ఆవిరి అదే. సాధారణంగా పది నిమిషాల లోపే అయిపోతుంది. ఆ కాసేపు ఇంట్లోకి చల్లగాలి రాకుండా స్ట్రిప్స్ వెలుగుతాయి, చాలా మెషీన్లలో ఈ ఆజ్ఞ థర్మోస్టాట్ నుంచి కాకుండా నేరుగా అవుట్‌డోర్ యూనిట్‌లోని బోర్డు నుంచి వెళ్తుంది కాబట్టి థర్మోస్టాట్ మీద "ఆక్స్" అని కనిపించకపోవచ్చు కూడా. వింతేమిటంటే డీఫ్రాస్ట్ ఎక్కువసార్లు జరిగేది పొడిగా ఉండే 15 డిగ్రీల రాత్రి కాదు, సన్నగా జల్లు పడుతూ 33, 35 ఉండే ముసురు రోజుల్లో, గాలిలో తేమ అప్పుడే ఎక్కువ. మా కరోలినా చలికాలమంతా దాదాపు అలాంటిదే. కాయిల్ మీద తెల్లటి పలుచటి పొర కనిపిస్తే వదిలేయండి, గంటా రెండు గంటలు చూసినా కరగకుండా అద్దంలా గడ్డకట్టి ఉంటే అప్పుడు ఈఎం హీట్‌కి మార్చి మెకానిక్‌ని పిలవండి. స్క్రూడ్రైవర్‌తో గడ్డలు పొడవడం మాత్రం చేయొద్దు, కాయిల్‌కి చిల్లు పడితే రిఫ్రిజరెంట్ మొత్తం పోతుంది. యూనిట్ మీద టార్పాలిన్ కప్పకండి, దానికి గాలి కావాలి. ఇంటి కప్పు అంచున ఉండే గట్టర్ నుంచి కారే నీళ్ళు దాని ఫ్యాన్ మీద పడకుండా చూసుకోండి, చుట్టూ ఆకులు తీసేయండి. లోపల ఫిల్టర్ మార్చండి, ఇది అందరికీ తెలిసిందే కానీ ఎవరూ చేయరు.

సెట్టింగులకి వస్తాను, ఇక్కడ నేను కొంచెం కోపంగానే ఉన్నాను. మా వీధిలో ఒకాయన స్మార్ట్ థర్మోస్టాట్ కొని, ఒక కాంట్రాక్టర్‌ చేత పెట్టించుకున్నాడు. అక్టోబర్ చివర్లో, ఇంకా చలి సరిగ్గా మొదలవకముందే, బిల్లు రెట్టింపయింది. ఇంటికి వెళ్ళి చూస్తే ఇల్లు వెచ్చగానే ఉంది, వెంట్‌ల నుంచి గాలి బ్రహ్మాండంగా వేడిగా వస్తోంది, ఆయన ఇంట్లోవాళ్ళు కొత్త థర్మోస్టాట్ వచ్చాక హీటింగ్ ఎంత బాగుందో అని సంతోషంగా ఉన్నారు. బయటికెళ్ళి చూస్తే అవుట్‌డోర్ యూనిట్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. ఆ పెట్టినవాళ్ళు సెటప్‌లో "హీట్ పంప్" అని కాకుండా "ఫర్నేస్" అని ఎంచారు. దాంతో హీట్ అడిగినప్పుడల్లా స్ట్రిప్స్ మాత్రమే వెలుగుతున్నాయి, కంప్రెసర్‌కి కబురే వెళ్ళడం లేదు. వేల డాలర్లు పెట్టిన మెషీన్ బయట ఊరికే నిలబడి ఉంది. గాలి బాగా వేడిగా రావడమే అక్కడ రోగలక్షణం, అది చూసి సంతోషించడం వల్ల నెల రోజులు ఎవరికీ అనుమానం రాలేదు. సెట్టింగ్ మార్చడానికి పట్టింది కొద్ది నిమిషాలు. ఆ పని చేసి డబ్బులు తీసుకున్నవాళ్ళు వెళ్ళేముందు ఒక్కసారి బయటికొచ్చి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసి ఉంటే చాలు. మీ ఇంట్లో ఎవరైనా కొత్త థర్మోస్టాట్ పెడితే, వాళ్ళని పంపించేముందు హీట్ ఆన్ చేయించి, బయటికి తీసుకెళ్ళి యూనిట్ తిరుగుతోందని చూపించమనండి. మొహమాటం వద్దు.

ఆ తర్వాత చూడాల్సింది ఆక్స్ లాకౌట్. బయట ఫలానా టెంపరేచర్‌ పైన ఉంటే ఆక్స్ రాకూడదని చెప్పే సెట్టింగ్ ఇది. స్మార్ట్ థర్మోస్టాట్ కంపెనీల్లో ఎకోబీలో "ఆక్స్ హీట్ మ్యాక్స్ అవుట్‌డోర్ టెంపరేచర్" అని ఉంటుంది, నెస్ట్‌లో హీట్ పంప్ బ్యాలెన్స్ అని ఒకటి ఉంటుంది, సౌకర్యం వైపు పెట్టాలా పొదుపు వైపు పెట్టాలా అని అడుగుతుంది, అది ఆపేస్తే లాకౌట్ నంబర్ మనమే పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు ఇవి ముట్టుకోకుండా వదిలేస్తుంటారు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నంబర్ చాలా ఎక్కువగా ఉండొచ్చు, బయట 50 ఉన్నా ఆక్స్ వచ్చేస్తుంది. మీ బ్యాలెన్స్ పాయింట్ 30 దగ్గర ఉందనుకోండి, లాకౌట్ 35కి పెట్టుకోండి. దీనివల్ల వచ్చే ఇబ్బంది ఒక్కటే: బయట 42 ఉన్న రోజున పంప్ పాడైతే ఆక్స్ దానంతటది ఆదుకోదు, ఇల్లు చల్లబడుతుంటే మీరే చూసి ఈఎం హీట్ వేసుకోవాలి. నాకైతే అది నష్టం కన్నా లాభమే అనిపిస్తుంది, పంప్ పోయిన సంగతి బిల్లు వచ్చాక కాకుండా ఆ రోజే తెలుస్తుంది. ఇంకా, కరెంటు కంపెనీ వెబ్‌సైట్‌లో గంట గంటకీ వాడకం గ్రాఫ్ ఉంటుంది, దానిలో పొద్దున్నే నిటారుగా లేచిన గీతలు కనిపిస్తే అవి ఎక్కువగా స్ట్రిప్సే. స్ట్రిప్స్‌ని వెలిగించే స్విచ్, రిలే అంటారు, అది అతుక్కుపోయి, అవి ఆరకుండా ఉండిపోయే జబ్బు కూడా ఒకటుంది, వేసవిలో ఏసీ నడుస్తున్నా లోపల స్ట్రిప్స్ వెలుగుతూనే ఉంటాయి. బయట చల్లగా లేకపోయినా గ్రాఫ్ పైనే ఉంటే అది చూపించుకోండి.

వర్జీనియా, న్యూజెర్సీ, మినసోటా వైపు ఉన్నవాళ్ళలో చాలామందికి బ్యాకప్ గ్యాస్ ఫర్నేస్. డ్యూయల్ ఫ్యూయల్ అంటారు. ఇందులో రెండూ కలిసి నడవవు, ఎందుకంటే హీట్ పంప్ కాయిల్ ఫర్నేస్ దాటాక ఉంటుంది, ఫర్నేస్ గాలి దాని మీదుగా వెళ్తే ప్రెషర్ పెరిగిపోతుంది. ఏదో ఒకటే నడవాలి, ఏ టెంపరేచర్ దగ్గర మారాలనేది డబ్బు లెక్క. ఒక థెర్మ్ గ్యాస్ అంటే 29.3 యూనిట్ల వేడి, 95 శాతం ఫర్నేస్‌లో 27.8 ఇంట్లోకి వస్తుంది. థెర్మ్ డాలరున్నర అయితే ఒక యూనిట్ వేడికి 5.4 సెంట్లు. కరెంటు 13 సెంట్లయితే పంప్ సీఓపీ 2.4 పైన ఉన్నంతవరకు పంపే చవక. అది మామూలు మెషీన్లలో 20ల్లో ఎక్కడో పడుతుంది. మీ బిల్లులు రెండూ ముందు పెట్టుకుని మీ నంబర్లు వేసి చూసుకోండి, అన్ని పన్నులూ ఛార్జీలూ కలిపి. 40 దగ్గరే గ్యాస్‌కి మారేలా పెట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి, అదేం శాస్త్రం కాదు, అలవాటు.

"చలి దేశాల్లో హీట్ పంప్ పనిచేయదు" అన్నది ఇంకా వినిపిస్తూనే ఉంది. నార్వేలో ఎక్కువ ఇళ్ళల్లో ఇవే ఉన్నాయి. అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2025 కల్లా లక్ష హీట్ పంపులు పెట్టాలని లక్ష్యం పెట్టుకుని 2023లోనే దాటేసింది, అక్కడి చలి ముందు మాది ఏపాటి. కాకపోతే అవి వేరే తరగతి మెషీన్లు, ఇన్వర్టర్ కంప్రెసర్‌తో వేగం మార్చుకునేవి. మిత్సుబిషి హైపర్ హీట్‌లో కొన్ని మోడళ్ళు 5 డిగ్రీల దగ్గర కూడా పూర్తి సామర్థ్యం ఇస్తాయి, మైనస్ 13 దాకా నడుస్తాయి. మా కాలనీల్లో బిల్డర్లు పెట్టేది సాధారణంగా ఒకే వేగం ఉన్న చవక రకం, వాటి బలహీనత చూసి హీట్ పంపులన్నీ ఇంతే అనుకోవడం న్యాయం కాదు.

కరెంటు పోతే? ఇది నిజమైన సమస్య, దీన్ని తేలిగ్గా తీసేయడం నాకిష్టం లేదు. 2022 డిసెంబర్ 24 పొద్దున, క్రిస్మస్ ముందు రోజు చలిగాలుల్లో, కరెంటు కంపెనీ డ్యూక్ ఎనర్జీ కరోలినాల్లో దాదాపు ఐదు లక్షల కనెక్షన్లకి వంతులవారీగా కరెంటు కోసింది. అంతకుముందు ఏడాది ఫిబ్రవరిలో టెక్సస్‌లో జరిగింది దీనికి ఎన్నో రెట్లు, 45 లక్షలకి పైగా ఇళ్ళూ షాపులూ చీకట్లో ఉండిపోయాయి, డాలస్‌లో ఫిబ్రవరి 16న మైనస్ 2కి దిగింది, రాష్ట్రం లెక్కల్లోనే 246 మంది చనిపోయారు. ఫ్రిస్కో, ఇర్వింగ్‌లో ఉన్న మన బంధువులు దుప్పట్లన్నీ ఒక గదిలో వేసుకుని గడిపిన రోజులవి. లక్షల ఇళ్ళల్లో ఒకే పొద్దున స్ట్రిప్స్ అన్నీ ఒకేసారి వెలిగితే గ్రిడ్ మీద పడే బరువు చిన్నది కాదు. పొద్దున ఆరింటికి పది డిగ్రీలు పెంచే అలవాటు మానుకోమనడానికి నాకు బిల్లు కన్నా ఇదే పెద్ద కారణం.

మీ ఇంటి మటుకు, చిన్న జనరేటర్ 10 కిలోవాట్ల స్ట్రిప్స్‌ని మోయలేదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. గ్యాస్ ఫర్నేస్ ఉన్నా దాని బ్లోయర్‌కి కరెంటు కావాలి, కాకపోతే అంతవరకు చిన్న జనరేటర్ మోస్తుంది. జనరేటర్ ఇంట్లోనో గరాజ్‌లోనో పెట్టకండి, తలుపు తీసి ఉంచినా సరే. బొగ్గుల గ్రిల్ లోపలికి తేకండి. టెక్సస్‌లో ఆ వారం కార్బన్ మోనాక్సైడ్‌తో పోయినవాళ్ళు ఉన్నారు, ఆ వాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే చంపుతుంది. అలారం ప్రతి అంతస్తులో, బ్యాటరీతో నడిచేది, ఈ వారమే పెట్టించండి. కరెంటు చాలా గంటలు పోయి తిరిగొచ్చినప్పుడు, బయట బాగా చలిగా ఉంటే, కంప్రెసర్‌ని వెంటనే నడపొద్దని చాలా మాన్యువళ్ళలో రాసి ఉంటుంది. కంప్రెసర్ అడుగున నూనెని వెచ్చగా ఉంచే చిన్న హీటర్ ఉంటుంది, కరెంటు లేనంతసేపూ అదీ ఆగిపోయి ఉంటుంది, చల్లటి రిఫ్రిజరెంట్ ఆ నూనెలో కలిసిపోయి ఉంటుంది. కాసిని గంటలు ఈఎం హీట్ మీద ఉంచి తర్వాత మామూలు హీట్‌కి మార్చాలి, ఎన్ని గంటలన్నది మీ మాన్యువల్‌లోనే ఉంటుంది. ఈఎం హీట్ వాడడానికి ఇది సిసలైన సందర్భం.

ఎలాగూ మెషీన్ పాతబడి మార్చాల్సి వస్తే: 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్ల దాకా వచ్చే ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది, ఇంకా ఉందని చెప్పి అమ్మేవాళ్ళని నమ్మకండి. రాష్ట్రం, కరెంటు కంపెనీ ఇచ్చే రిబేట్లు వేరేగా కనుక్కోవాలి. కాంట్రాక్టర్‌ని టన్నులెన్ని అని కాకుండా, 17 డిగ్రీల దగ్గర ఎన్ని బీటీయూలు ఇస్తుంది, 5 దగ్గర ఎన్ని ఇస్తుంది అని అడగండి, కాగితం మీద రాసివ్వమనండి. పాత మెషీన్ సైజు చూసి "మూడు టన్నులే వేద్దాం" అనేవాళ్ళని ఇంటి వేడి నష్టం లెక్క, మాన్యువల్ జే అంటారు దాన్ని, వేసి చూపించమనండి. స్ట్రిప్స్ 10 కిలోవాట్లు పెడుతుంటే అవి ఒకేసారి కాకుండా ఐదు, ఐదుగా రెండు దశల్లో వెలిగేలా వైరింగ్ చేయమనండి. థర్మోస్టాట్‌కి వెళ్ళే తీగల్లో దానికి ఒక తీగ ఎక్కువ కావాలి, గోడలు మూసేశాక లాగడం కష్టం, కాబట్టి ఆ మాట పని మొదలుపెట్టకముందే చెప్పాలి.